హాంగ్‌ఝౌ మగ్గం మీద మా ఇంటి బూడిద

"అంత డబ్బు పెట్టి చైనాకి ఎందుకు పోయినావప్పా, కాశీకి పోకుండా" అని మా జమ్మలమడుగు బస్టాండులో నన్ను అడగనివాడు లేడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ మాత్రం అసలు సంగతి రాస్తాను. చలికాలంలో హాంగ్‌ఝౌ నగరం చూడాలనుకునేవాళ్లకి దారీ, టైమూ, ఖర్చూ ఇందులో దొరుకుతాయి. మధ్యలో నేను చేసిన తప్పు కూడా ఒకటి వస్తుంది. దాన్ని వదిలేసి రాద్దామంటే కుదరలేదు. మా రోజంతా దాని చుట్టూనే తిరిగింది మరి.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో సగం జమ్మలమడుగు–పులివెందుల రూటులోనే గడిచింది. నా భార్య చౌడమ్మ అంతకాలమూ మగ్గాల మీద పోగులు అతికింది. ఈ పని తెలియనివాళ్లకి చెప్పాలంటే, మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోగానే కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునీ పాత పోగు కొసకి కలపాలి. ముడి వేయకూడదు, ముడి ఉంటే పోగు మగ్గంలో ముందుకు జారదు. వేళ్లకి కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెట్టాలి, అంతే. ఒక పట్టుచీరల పడుగులో అలాంటి మెలికలు నాలుగు వేల పైనే ఉంటాయి. ప్రొద్దుటూరు నూలు అంగళ్ల నుంచి మా వైపు వచ్చే పట్టులో మంచిదాన్ని అందరూ చైనా నూలు అంటారు. చౌడమ్మ వేళ్ల మధ్య నుంచి ఆ నూలు ఎన్ని మైళ్లు పోయిందో దేవుడికే తెలియాలి.

ఆమె కూడా రిటైరైంది, కానీ దానికి కారణం నేను. ఏటా శివరాత్రికి ఆమె పెరట్లో ఆవు పిడకలు కాల్చి విభూతి చేసుకుంటుంది. నుదుటికీ అదే, పని చేసేటప్పుడు వేళ్లకీ అదే. రెండేళ్ల కిందట, శివరాత్రి ఇంకా నెలన్నర ఉందనగా ఆమె బూడిద గిన్నె అడుగంటింది. ఆమెకేమో జలుబు, వాసన కూడా తెలియడం లేదు. సాయం చేద్దామని నేను అంగట్లో విభూతి పొట్లం కొనుక్కొచ్చి, ఆమెకి చెప్పకుండా గిన్నెలో కలిపేశాను. విభూతి ఏదైనా విభూతే కదా అనుకున్నాను. అంగడి విభూతి మొహానికి రాసుకునే పౌడరులా నున్నగా ఉంటుందనీ, పోగుని పట్టనివ్వదనీ నాకు తట్టలేదు. "మామా, వేళ్లకి పోగు తెలియడం లే, జారిపోతాండాది" అని ఆమె ఆ వారమంతా అంటూనే ఉంది. ఆమెకి షుగరు ఉంది, దానివల్ల తిమ్మిరేమో అని ఆస్పత్రికి తీసుకుపోయాను. మైలవరంలో ఓబులేసు అనే నేతగాడి ఇంట్లో నాలుగు రోజులు కూర్చుని ఆమె అతికిన పడుగు, మగ్గం ఆడించగానే వందల చోట్ల ఊడిపోయింది. తర్వాతి పడుగుకి ఓబులేసు వేరే ఆమెను పిలిపించుకున్నాడు.

చౌడమ్మ ఆ గిన్నెను కడిగి అటక మీద పెట్టేసింది. "నా వేళ్లు సచ్చిపోయినాయి" అని ఒక్కసారే అంది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. తర్వాత కొన్నాళ్లకి నాకెందుకో అనుమానమొచ్చి, మిగిలిన పొట్లంలోంచి చిటికెడు తీసి తువ్వాలు అంచు పోగులు రెండింటిని మెలిపెట్టి చూశాను. జారిపోయాయి. చెప్పాల్సింది ఆ పూటే. రేపు చెబుదాంలే అనుకున్నాను, అలా రెండేళ్లు గడిచాయి. ముప్పై ఏళ్లకు పైగా బస్సులో తగువులాడి చిల్లర ఇచ్చిన నోరు నాది, ఇంట్లో ఒక్క మాటకి పెగల్లేదు.

రిటైరయ్యాక యాడికన్నా పోదాం, ఊరు నువ్వే చెప్పు అని అడిగితే, ఆమె "ఆ చైనా నూలు యాడ పుడుతుందో చూడాలని ఉండాది మామా. ఇన్నేండ్లూ దాని కొస పట్టుకునే కూర్చుంటి. మొదులు ఎట్లుంటుందో తెలీదు" అంది. అక్కడికి తీసుకుపోయి అక్కడే చెప్పేయాలని నేను మనసులో అనుకున్నాను.

మేం బెంగుళూరు నుంచి పద్నాలుగు మంది గుంపుతో ఏడు రోజుల టూరులో వెళ్లాం, మనిషికి లక్షన్నర దాకా అయింది. హాంకాంగులో విమానం మారి షాంఘై, అక్కడి నుంచి రైల్లో గంటలో హాంగ్‌ఝౌ. పట్టుకి పేరున్న ఊరు అదే. ఆ టూరులో శనివారం ఒక్కరోజు ఎవరి ఇష్టం వాళ్లది, మా అసలు యాత్ర ఆ రోజే. బెంగుళూరు విమానాశ్రయంలో చౌడమ్మ చేతిసంచీలోని చిన్న స్టీలు డబ్బీ దగ్గర తనిఖీవాళ్లు ఆగారు. బూడిద రంగు పొడి ఏమిటని అడిగితే ఈమె మూత తీసి నుదుటికి మూడు వేళ్లతో పూసుకుని చూపించింది. ఆ తనిఖీ అమ్మాయి నవ్వి పంపించేసింది. పని మానినా శివరాత్రి బూడిద మానలేదన్నమాట. అది ఇంట్లో కాల్చిన బూడిదే, నా పొట్లం కాదు.

శనివారం ఉదయం ఏడున్నరకి బయటికొస్తే మూడు డిగ్రీలు. నేను రెండు స్వెట్టర్లు, కోటు, మంకీ క్యాపు వేసుకుని నిలబడితే, "గోతాంలో జొన్నలు కుక్కినట్టుండావు" అని చౌడమ్మ నన్ను చూసి నవ్వింది. ఆమె కూడా తక్కువ తినలేదు, చీర కింద నా ప్యాంటే వేసుకుంది. హోటలు వెనక సందులో ఒక నూడుల్స్ కొట్టు ఉంది. శనివారం మాకు నీచు లేదు. మా గైడు ఫోనులో పెట్టిచ్చిన యాప్‌లో నేను నా కండక్టరు ఇంగ్లీషులో చెబితే అది చైనా భాషలో పలుకుతుంది, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులో చూపిస్తుంది. వంటామె అది విని, ఒక్కొక్క గిన్నె మూతా తీసి ఇది వేయనా, ఇది వేయనా అని సైగ చేసి అడిగి, ఆకుకూర, పుట్టగొడుగులు, సోయా పనీరు మాత్రం వేసి వండింది. చౌడమ్మ సంచీలోంచి చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, తీసి పైన చల్లుకుంది. వంటామె వేలితో కాస్త అద్దుకుని నాకి, ఇంకాస్త అడిగింది. ఇద్దరికీ ముప్పై ఆరు యువాన్లు, మన లెక్కలో నాలుగు వందల చిల్లర. వేడినీళ్లు మాత్రం ఆ ఊళ్లో యాడ అడిగినా ఊరికే పోస్తారు.

మెట్రోలో సరస్సు దాకా మనిషికి నాలుగు యువాన్లు. ఫోను చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, టికెట్టు చింపేవాడు లేడు, అరిచేవాడు లేడు. "నీ పని ఈడ మిషన్లే చేస్తాండాయి" అని ఆమె ఎకసెక్కమాడింది. ఒక అమ్మాయి లేచి మాకు సీటిచ్చింది. తొమ్మిదిన్నరకి పశ్చిమ సరస్సు ఒడ్డుకి చేరాం. చలికాలం కాబట్టి తామరలు ఎండిపోయి, వంగిన కాడలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి, దూరంగా కొండలు మంచులో సరిగా కనబడడం లేదు. చౌడమ్మకి పడవ ఎక్కాలని పుట్టింది. మైలవరం డ్యాము అంత దగ్గర ఉండి కూడా ఆమె జన్మలో పడవ ఎక్కలేదు. టికెట్టు డెబ్బై యువాన్లు. మంచు విడిచాక సాయంత్రం ఎక్కితే బాగుంటుందని కౌంటరులో ఆయన చెప్పాడు, చివరి పడవ నాలుగున్నరకి అని కూడా చెప్పాడు. సరే సాయంత్రమే ఎక్కుదాం అని మాట అనుకున్నాం.

పట్టు మ్యూజియం సరస్సుకి దక్షిణంగా కొండ కింద ఉంది. నడవొచ్చు గానీ ఆమె మోకాళ్ల కోసం టాక్సీ ఎక్కాం, ఇరవై రెండు యువాన్లయింది. డ్రైవరు యాభై ఏళ్ల ఆడమనిషి. పట్టు చూడ్డానికి ఇంత దూరం ఎందుకు, మీ దేశంలో పట్టు లేదా అని ఫోనులో అడిగింది. నా భార్య మీ ఊరి దారంతోనే బతుకంతా పని చేసింది అని నేను చెప్పాను. ఆమె అద్దంలోంచి చౌడమ్మ చేతుల వైపు ఒకసారి చూసి, మా అమ్మ కూడా పట్టు మిల్లులోనే చేసింది, ఆమె వేళ్లు వేడినీళ్లలో నాని ఎప్పుడూ తెల్లగా ఉండేవి అంది. ఈ మాట చౌడమ్మకి తెలుగులో చెబితే ఆమె తన వేళ్లను శాలువ లోపలికి లాక్కుంది. అప్పుడే చెప్పేద్దామనిపించింది నాకు, కానీ దిగాల్సిన చోటు వచ్చేసింది.

మ్యూజియానికి టికెట్టు లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. సోమవారం మాత్రం మధ్యాహ్నం దాకా మూసే ఉంటుందట. మేం పదకొండుకి లోపలికి వెళ్లాం. ఒక గదిలో వేడినీళ్ల తొట్టిలో పట్టుకాయలు తేలుతుంటే, ఒకామె చిన్న చీపురుతో వాటిని కదిపి కొసలు పట్టుకుని రాట్నానికి ఎక్కిస్తోంది. ఒక్కో కాయ నుంచి వచ్చే పోగు కంటికి ఆనడం లేదు, ఏడెనిమిది కలిస్తే గానీ దారం అనిపించదు. చౌడమ్మ అక్కడ అరగంట కదల్లేదు. "ఇదా మొదులు" అని ఒక్క మాట అంది. కళ్లు తుడుచుకుంటుంటే ఆవిరి తగిలిందేమోలే అని నేను ఊరుకున్నాను.

మగ్గాల హాలుకి వెళ్లేసరికి పన్నెండున్నర, భోజనాల వేళ, నేసేవాళ్లు లేరు. నడుమెత్తు తాడు కట్టి లోపల పెద్ద కొయ్య మగ్గాలు పెట్టారు. రెండో మగ్గం దగ్గర చౌడమ్మ ఆగిపోయింది. ఎర్ర పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. మా వైపు నేత ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరింటికి పోయినా, మగ్గం మీద తెగిన పోగు కళ్లబడితే దాన్ని అతికాకే మంచినీళ్లయినా తాగుతారు. అది ఎవరి మగ్గమనేది చూడరు. చౌడమ్మ ఈ రెండేళ్లూ మగ్గమున్న ఇళ్లకి పోవడమే మానుకుంది, పోయినా తల వంచుకుని వంటింట్లోకి నడిచేది. ఇక్కడా అలాగే తల తిప్పుకుని నాలుగు అడుగులు వేసింది.

"మే, తెగిన పోగు చూసి పోతాండావా" అన్నాను.

"నేనెట్ల అతుకుతా మామా, నీకు తెలీదా నా వేళ్ల సంగతి" అంది, గొంతు కొంచెం లేచింది.

"తెలుసు, అందుకే చెప్తాండా. ఒక్కసారి సూడు."

ఆమె నా వైపు కోపంగా చూసింది. చేతొడుగులు తీసి నా చేతిలో పెట్టింది. తాడు కింద నుంచి వంగి లోపలికి దూరి, సంచీలోంచి డబ్బీ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుంది. మగ్గం పక్కన వేలాడుతున్న పోగుముక్క ఒకటి తీసుకుని తెగిన కొసకి కలిపి మెలిపెట్టింది, రెండో కొస కూడా అలాగే. పట్టుమని పది క్షణాలు కూడా పట్టలేదు. ఇంతలో కాపలా ఆయన హాలు ఆ చివర నుంచి కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఫోను తీసి ఏం చెప్పాలో తెలియక నేను "సారీ, కండక్టర్, సారీ" అన్నాను. కండక్టరు అని ఎందుకన్నానో నాకే తెలియదు, యూనిఫారం చూస్తే నోటికి అదే వస్తుంది.

అప్పుడే టీ ఫ్లాస్కుతో ఆ మగ్గం నేసే మనిషి వచ్చింది. ఆమెదీ చౌడమ్మ వయసే, కళ్లద్దాలు దారంతో మెడకి కట్టుకుని ఉంది. కాపలా ఆయన్ని చేత్తో ఆపి, వంగి పోగు చూసింది. వేలితో తీగలా మీటింది, ఒకసారి, రెండోసారి. తర్వాత కూర్చుని కాలితో తొక్కి అడ్డపోగు నాడె విసిరింది. చౌడమ్మ నా చెయ్యి పట్టుకుంది. పది వరసలు, ఇరవై వరసలు. పోగు తెగలేదు. ఆమె మగ్గం ఆపి, పక్కన బుట్టలోంచి రెండు విడి పోగులు తీసి చౌడమ్మకి ఇచ్చింది, మళ్లీ చెయ్యమని. చౌడమ్మ చేసింది. ఆ మగ్గం మనిషి దాన్ని రెండు చేతులా పట్టి లాగింది, నిలిచింది. అప్పుడు చౌడమ్మ వేళ్లు పట్టుకుని బూడిద వాసన చూసి, తన వేళ్ల మధ్య నలిపి చూసి ఏదో అంది. ఇది దేనితో చేశారు, గరుగ్గా భలే ఉంది అన్నదని ఫోను చూపించింది. ఆవు పేడ అని ఇంగ్లీషులో చెప్పాను. ఫోను ఏం పలికిందో గానీ ఆమె పకపకా నవ్వి, ఒక కాగితం తెచ్చి చాపింది. చౌడమ్మ సగం డబ్బీ అందులో వంచింది. బదులుగా ఆమె బుట్టలోని ఎర్ర పోగుముక్కల చుట్ట ఒకటి చౌడమ్మ సంచీలో పెట్టింది. కాపలా ఆయన మాత్రం మమ్మల్ని తలుపు దాకా సాగనంపాడు.

మూడున్నరకి మళ్లీ సరస్సు ఒడ్డుకి వచ్చాం. ఇనుప పీపాలో నిప్పుల మీద గెనుసుగడ్డలు కాల్చే ఆయన దగ్గర పది యువాన్లకి పెద్ద గడ్డ ఒకటి కొని, బల్ల మీద కూర్చుని చెరిసగం చేసుకున్నాం. ఎండ వచ్చింది, మంచు విడిచింది, పడవలు కనబడుతున్నాయి. ఆమె సంతోషంగా లేదు. గడ్డ చేతిలో పట్టుకుని ఆలోచిస్తోంది.

"నా వేళ్లు బాగానే ఉండాయి కదా మామా" అంది. "అట్లయితే ఓబులేసు పడుగు ఎందుకు ఊడినట్టు?"

ఇంక తప్పించుకునే దారి లేదు. గిన్నె, అంగడి పొట్లం, తువ్వాలు పోగులు, అన్నీ వరసగా చెప్పేశాను. నేను ఆపాక ఆమె అడిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ నెల్లోనే."

"రెండేండ్లు" అంది ఆమె. "రెండేండ్లు నా చేతుల్ని నేనే తిట్టుకుంటి మామా. రాత్రిళ్లు గిల్లి సూసుకుంటి, పానం ఉండాదా లేదా అని. పక్కనే పండుకోనుంటివి నువ్వు."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అరవై దాటిన మనిషి సరస్సు ఒడ్డున మంకీ క్యాపుతో ఏడుస్తుంటే చైనావాళ్లు పక్కకి తప్పుకుని పోయారు. ఆమె ఓదార్చలేదు. గెనుసుగడ్డ మొత్తం తొక్కతో సహా తినేసి, లేచి ఒడ్డు వెంట నడవడం మొదలుపెట్టింది. నేను పది అడుగుల వెనక నడిచాను. ఎండిన తామరల దాకా పోయి అక్కడ చాలాసేపు నిలబడింది. చివరి పడవ మా కళ్ల ముందే కదిలిపోయింది. టైము చూసుకునే అలవాటు నా రక్తంలో ఉంది, నాలుగున్నర అవుతోందని నాకు తెలుసు, అయినా పిలవడానికి నోరు రాలేదు.

తిరుగు మెట్రోలో ఆమె నాకు ఎదురు సీట్లో కూర్చుంది. చేతొడుగులు ఇంకా నా జేబులోనే ఉన్నాయి, ఆమె అడగలేదు. సంచీలోంచి ఎర్ర పోగుల చుట్ట తీసి, డబ్బీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క ముక్కా అతకడం మొదలుపెట్టింది. రైలు కదులుతున్నా, జనం దాటుకుంటూ పోతున్నా తల ఎత్తలేదు. పక్కనున్న పిల్లలు సెల్‌ఫోన్లు ఆపి ఆమె వేళ్లనే చూస్తున్నారు. మా స్టేషనుకి ఇంకా రెండు స్టేషన్లు ఉన్నాయనగా ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. మూరెడు మూరెడు ముక్కలన్నీ కలిసి నాలుగు బారల పోగై ఉన్నాయి. ఒక కొస నా చేతికిచ్చింది.

"లాగు" అంది.

లాగాను. తెగలేదు.

"గట్టిగా లాగప్పా. నీకు భయమెందుకు, నేను అతికింది ఊడదు."

ఇది రాస్తున్నది మైలవరంలో, ఓబులేసు ఇంట్లో, మగ్గం పక్కన చాప మీద. నాకు పడిన శిక్ష ఇది. ఆమె అతుకుతుంటే నేను ఎదురుగా కూర్చుని కొత్త పోగు కొసలు విడదీసి ఒక్కొక్కటీ అందించాలి, నాలుగు వేల చిల్లర. మెడ పట్టేస్తోంది. తప్పు అందిస్తే వేళ్ల మీద చిన్నగా తడుతుంది. గిన్నె అటక మీద నుంచి దిగింది, దాని జోలికి నన్ను పోనివ్వదు. ఓబులేసుకి అసలు సంగతి నా చేతే చెప్పించింది. ఆయన "నువ్వు టికెట్లు కొట్టుకోక ఈ పనిలో యాల యేలు పెట్టినావు మామా" అన్నాడు. పోయిన వారం ఇంకో మగ్గం మీద ఆమె అతికిన పడుగులో ఒక్క పోగు కూడా ఊడలేదు. అంత దూరం పోయి నూలుకి మొదలు చూసొచ్చాం, నాకు మాత్రం మా ఇంట్లో మనిషి రెండేళ్లు ఏం మోసిందో అక్కడే తెలిసింది.

మీరు చలికాలంలో హాంగ్‌ఝౌ వెళితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సరస్సు మీద చివరి పడవ నాలుగున్నరకే. ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిన మాట ఏదైనా మీ దగ్గరుంటే ఉదయం నూడుల్స్ దగ్గరే చెప్పేయండి. కోపం తగ్గడానికి ఒక పగలు కావాలి, సాయంత్రానికి పడవ అందుతుంది. చౌడమ్మ ఇంకా పడవ ఎక్కలేదు. ఈ పడుగు పూర్తయిన మరుసటి రోజు మైలవరం డ్యాములో చేపలు పట్టే ఆయన పడవని మాట్లాడి పెట్టాను, ఉదయం ఏడింటికి.